నిలబడ్డ ఇంజనుకి లైను బొగ్గు

మా ఆయన్ని లావు చేసింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. తర్వాత తగ్గించిందీ నేనే అని రాసుకోవాలని ఉంది గానీ, మా అత్తగారు ఇది ఎవరిచేతనైనా చదివించుకుని వింటుందని భయం. అందులో ఆవిడ వాటా ఆవిడకుంది.

నేను కాపరానికి వచ్చేసరికి ఆయన ఫైర్‌మేను. నాకు పదిహేనేళ్ళు. మూడో తరగతి దాకా చదువుకుని, విజయనగరం అవతల మా ఊళ్ళో రైలెక్కి, బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టరులో దిగాను. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. వచ్చిన మూడో రోజే అత్తగారు నాలుగు గిన్నెల ఇత్తడి కేరేజీ నా చేతిలో పెట్టింది.

"ఇది ఎప్పుడూ కాళీగా ఎల్లకూడదే. ఆడు ఇంజనుకి పెడతాడు, నువ్వు ఆడికి పెట్టు."

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. ఫైర్‌మేను పని చూసినవాళ్ళకి తెలుస్తుంది. కట్నీ లైనులో కోటా దాటిన తర్వాత బండి కొండ ఎక్కుతుంది. అక్కడ పార కింద పెట్టడానికి ఉండదు. ఒకపక్క కొలిమి కాలుస్తుంటే, ఇంకోపక్క బండి ఊగుతుంటే, వంగడం, బొగ్గు ఎత్తడం, తలుపులోకి విసరడం. ఆయన ఇంటికి వచ్చి చొక్కా పిండితే నల్లనీళ్ళు కారేవి. అలాంటి మనిషికి రెండు గిన్నెల అన్నం, ఒక గిన్నె పప్పు, ఒక గిన్నె చేపల పులుసు పెట్టినా ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. పైన పొట్లంలో నాలుగు పాకుండలు కూడా పెట్టేదాన్ని. ఆయన అప్పుడు బెత్తంలా ఉండేవారు.

కేరేజీ సంగతి ఇంకోటి కూడా ఉంది. బండి తీసుకెళ్ళినవాళ్ళు అవతలి చివర రన్నింగ్ రూములో దిగి, స్నానాలు చేసి, అందరూ ఒకచోటే కూర్చుని కేరేజీలు విప్పుతారు. ఎవరి గిన్నెలో ఏముందో అందరికీ తెలుస్తుంది. ఆ గది నేను ఎన్నడూ చూడలేదు. అయినా రోజూ ఆ గదిలో కూర్చున్నవాళ్ళ కళ్ళ కోసమే వండేదాన్ని. "ఫలానావాడి ఇంట్లోది చెయ్యి బాగుంటాది" అన్న మాట తిరిగి తిరిగి మా వీధికి చేరితే, నాకు రెండు రోజులు కడుపు నిండిపోయేది.

తర్వాత ఆయన డ్రైవరు అయ్యారు, గూడ్సు బండికి. ఇంజను తుడిచే పనిలో చేరినవాడు డ్రైవరు కావడమంటే మా ఇళ్ళల్లో పెళ్ళికన్నా పెద్ద సంబరం. ఇప్పుడు బొగ్గు వెయ్యడానికి ఆయన కింద ఇద్దరున్నారు. ఆయన హేండిలు దగ్గర నిలబడతారు, లేకపోతే కూర్చుంటారు. మరి నేనేం చేశాను? డ్రైవరు కేరేజీ ఫైర్‌మేను కేరేజీకన్నా తక్కువగా ఉంటే బాగుంటుందా అని, అన్నం ఇంకా నొక్కి పెట్టడం మొదలుపెట్టాను. నెయ్యి కూడా.

ఖాకీ చొక్కాలు రెండుసార్లు దర్జీ దగ్గరికి వెళ్ళాయి. బెల్టుకి ఇంట్లోనే మేకుతో కొత్త కన్నం పొడిచాం. ఎవరూ ఏమీ అనలేదు, పైగా మెచ్చుకున్నారు. పక్క క్వార్టరులో గార్డుగారి భార్య ఉండేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు మీ ఆయన డ్రైవర్లాగున్నాడే" అంది. నేను మురిసిపోయాను. నేను కూడా గుండ్రంగానే తయారయ్యాను గానీ నా సంగతి ఎవరూ తూచలేదు.

మూడేళ్ళు ఇలా నడిచింది. ఆ తర్వాత రైల్వే ఆస్పత్రిలో ఆయనకి డాక్టరీ పరీక్ష వచ్చింది.

ఆ రోజు ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నారు. అత్తగారు బియ్యం చేటతో బయటికి వచ్చింది.

"ఏట్రా, డాక్టరు ఏటన్నాడు?"

"లైను నుంచి దించీసినాడు."

"ఏల? ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యనేదు. ఆస్పత్రి మెట్లు పదిసార్లు ఎక్కించి దించినాడు. గుండె మీద గొట్టం ఎట్టి విన్నాడు. ఇంజను మీద నీకు ఊపిరాడక పడిపోతే ఎనకున్న బండి గతేటి అన్నాడు. పదారు పౌన్లు తగ్గాలట. ఆర్నెల్లు షెడ్డులో లైట్ డ్యూటీ. తగ్గకపోతే ఇంక షెడ్డే."

షెడ్డు డ్యూటీ అంటే కష్టమేమీ లేదు. వచ్చిన ఇంజన్లని బొగ్గు దగ్గరికి, నీళ్ళ దగ్గరికి పది గజాలు నడిపి నిలబెట్టడం. కానీ ఆ రోజుల్లో ఏ డ్రైవరు ఇంజను ఆ డ్రైవరుదే. ఆయన ఇంజను ఇప్పుడు ఇంకొకరి చేతిలో లైను మీదికి వెళ్తోంది. మధ్యాహ్నం అన్నం తింటుంటే దూరంగా కూత వినబడేది. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయేది. "అవుటరు సిగ్నలు కాడ ఆపీసినాడు. అక్కడ ఆపకూడదు, మళ్ళీ లాగడం కష్టం" అనేవారు, ఎవరితోనో కాదు, పళ్ళెంతో. బెత్తంలా ఉన్నప్పటి నుంచి ఆ ఇంజను కోసమే కష్టపడ్డ మనిషిని నేను అన్నం పెట్టి కిందికి దించేశాననిపించింది.

నాది తొందర బుద్ధి. ఆ సాయంత్రానికల్లా మొత్తం తేల్చేశాను. అన్నం లేదు. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం ఉడకబెట్టిన ఆకుకూర, రాత్రి మజ్జిగ. పక్కింటి అక్క వచ్చి పరగడుపున నిమ్మకాయ నీళ్ళని చేర్చింది. అత్తగారు మాత్రం తల కొట్టుకుంది.

"డాక్టరు మనిషిని తగ్గించమన్నాడు గానీ సంపీమన్నాడేటే?"

"ఆర్నెల్లే అత్తా. తర్వాత మామూలే."

"అచ్ఛా. తర్వాత మామూలేనా? మరి మామూలైతే మళ్ళీ మామూలుగా లావవడా?"

ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

తూకం ఎక్కడ చూడాలి? ఆస్పత్రి మిషను మాటిమాటికీ ఎక్కనివ్వరు. స్టేషనులో పార్సెలు ఆఫీసు ఉంది, అక్కడ పెద్ద కాటా ఉంది. అక్కడి గుమాస్తా బాబు మా వైపు మనిషే. ఆదివారం పొద్దున్న ఈయన వెళ్ళి బీడీ ఆకుల మూటల మధ్య కాటా మీద నిలబడేవారు. మణుగులు, సేర్లు చెబుతారు కదా, సేరుకి రెండు పౌన్లు అని వేలి మీద లెక్క కట్టుకుని వచ్చేవారు. బాబు ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడట: "ఏ ఊరికి బుక్ సెయ్యమంటావు బావా? లగేజీ ఎక్కువున్నాది, పేసింజర్లో పట్టదు."

మూడు వారాల్లో నాలుగు సేర్లు తగ్గారు. నేను వీధంతా చెప్పుకున్నాను. మర్నెల ఆయన కాటా ఎక్కితే అయిదు సేర్లు పెరిగారు.

నాకు అర్థం కాలేదు. ఇంట్లో గింజ అన్నం లేదు. బాబు కాటా పాడైందనుకున్నాను. అసలు సంగతి ఆయన దగ్గర పని చేసిన ఫైర్‌మేను చెప్పాడు. పెళ్ళికాని కుర్రాడు, వారానికి రెండుసార్లు మా ఇంట్లోనే తినేవాడు, నన్ను వొదినా అని పిలిచేవాడు.

"వొదినా, నేను సెప్పినట్టు సెప్పకు. షెడ్డు గేటు కాడ గుల్‌గులాలు అమ్మే ముసిల్ది ఉన్నాది కదా. గురువుగారు డ్యూటీకి రాగానే అది లేచి నిలబడతన్నాది."

గుల్‌గులాలంటే మన పాకుండల్లాంటివే, గోధుమపిండి, బెల్లం కలిపి నూనెలో వేస్తారు. ఒక్కోసారి పది, పన్నెండు తింటున్నారట. ఆయన్ని అడిగాను.

"ఆకలేస్తాది" అన్నారు. అంతే.

నేను ఏడవలేదు. గిన్నెలు మాత్రం చాలా గట్టిగా తోమాను. అప్పటికి రెండు నెలలు పోయాయి. మిగిలిన నాలుగు నెలల్లో తగ్గాల్సింది ఇప్పుడు పదహారు పౌన్లు కాదు, పద్దెనిమిది.

ఆ ఆదివారం ఫైర్‌మేను భోజనానికి వచ్చాడు. వాడికి అన్నం, ఈయనకి అంబలి. వాడు సిగ్గుపడుతూ ముద్ద కలుపుతూ, మాట మార్చడానికి కొత్త డ్రైవరు మీద చాడీలు మొదలెట్టాడు. కొత్త డ్రైవరు స్టేషనులో గంటసేపు బండి ఆగినా బొగ్గు వెయ్యమంటాడట.

"ఆగిన ఇంజనుకి లైను బొగ్గు ఎందుకురా?" అన్నారు ఈయన. షెడ్డుకి వెళ్ళిన దగ్గర్నుంచి ఆయన అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. "లైను మీద ఉన్నప్పుడు ఆరేడు పారలు, పల్చగా, మళ్ళీ కాసేపాగి ఆరేడు. నిలబడినప్పుడు నిప్పుని తలుపు కాడికి లాగి కొంచెం బొగ్గు కప్పాల. ఆరకూడదు, లేవకూడదు. నిలబడ్డదానికి లైను బొగ్గేస్తే ఏటవుతాది? ఆవిరి పట్టలేక పైన గొట్టంలోంచి బుస్సుమని పోతాది. పోనీ అని పూర్తిగా ఆర్పీసి మళ్ళీ ఒక్కసారి మంటెడితే బాయిలరు..."

అక్కడ ఆగిపోయారు. తన పొట్ట వంక చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తగారు.

"ఓలమ్మ. నా కోడలు మూడేళ్ళు నిలబడ్డ ఇంజనుకి బొగ్గేసి, ఇప్పుడు నిప్పే ఆర్పీసినాది."

నాకూ నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. అత్తగారు లేచి, ఆయన అంబలి గిన్నె పక్కకి జరిపి, పళ్ళెం పెట్టి అన్నం వడ్డించింది. మూడు గరిటెలు వేసి నాలుగోది వెయ్యలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏదీ నిషేధం లేదు. అన్నం మూడు గరిటెలు. ఆ నెలంతా అంతే. పై నెల రెండున్నర. ఆయనకి తేడా తెలియలేదు, లేదా తెలిసినా చెప్పలేదు. అన్నానికి ముందు ఆకుకూర తినాలని పెట్టాను. కోటా నుంచి పొద్దున్న బండికి గంపతో వచ్చే ఆవిడ దగ్గర లాల్ భాజీ, చెంచ్ భాజీ ఏ రోజుకారోజు కొనేదాన్ని. "ఇంట్లో మేకలున్నాయా బాయీ?" అని ఆవిడ హిందీలో అడిగింది. ఒకటుంది అన్నాను. గుల్‌గులాలు ఆదివారం ఇంట్లోనే చేసి ఆయనకి రెండు, మాకు ఒక్కొక్కటి. గేటు దగ్గర ముసలమ్మ నన్ను చాలా రోజులు తిట్టుకుందట.

షెడ్డుకి అందరితోపాటు పట్టాల మీది ట్రాలీ ఎక్కకుండా నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. అది కాక సాయంత్రం నడక. అక్కడే గొడవ వచ్చింది. ఒక్కరే నడిస్తే మూడో రోజుకి ఎవరి అరుగు మీదో కూర్చుని టీ తాగుతున్నారు. అందుకని నేనూ వస్తానన్నాను. మొగుడూ పెళ్ళాం కలిసి షికారు వెళ్ళడం మా వీధిలో ఎవరూ చూడలేదు, అది బంగళాల్లో దొరలకే. మరి మర్యాద కోసం అత్తగారు కూడా బయల్దేరింది. ముందు ఆయన, పది గజాల వెనక అత్తగారు, ఆవిడ వెనక తల మీద కొంగు సర్దుకుంటూ నేను. ఇలా వరసలో అరపా ఏటి ఒడ్డు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం.

పక్కింటి అక్క గుమ్మంలో ఎదురుచూసేది.

"ఏటమ్మా, ఊరేగింపు బయల్దేరినాదా? బాజాలేవి?"

"నువ్వొస్తే బాజా ఎందుకమ్మా" అంది అత్తగారు. అక్క మాటలు నిజంగానే స్టేషను దాకా వినబడతాయి.

రెండు వారాల తర్వాత అక్క మోకాళ్ళ నెప్పి అని వంక పెట్టుకుని తనూ వచ్చింది. అక్కా అత్తగారూ కబుర్లలో పడి ఆగిపోయేవారు. మమ్మల్ని వదిలి వెళ్ళలేక ఆయన వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చేవారు. అలా మాకన్నా రెండింతలు నడిచేవారు పాపం. నా జాకెట్లు వదులయ్యాయని నేను గమనించింది కూడా అప్పుడే.

దసరాకి మాత్రం తూకం తప్పింది. మూడు రోజులు నాలుగిళ్ళ భోజనాలు. ఆదివారం కాటా మీద ఒక సేరు పైకి. నా తొందర బుద్ధి మళ్ళీ లేచింది, వారం రోజులు అంబలే అన్నాను.

"ఏటీ వద్దు" అంది అత్తగారు. "పండగ అయిపోనాది. రేపట్నుంచి రోజూలాగే."

రోజూలాగే. రోజూ చెయ్యగలిగేదే చెయ్యాలని నాకు తెలిసింది ఆ మాటతోనే. పదిహేను రోజుల్లో ఆ సేరు ఎవరూ తరమకుండానే పోయింది.

ఆర్నెల్లకి ఆస్పత్రి మిషను ఎక్కితే పదమూడు పౌన్లు తగ్గాయి. మూడు తక్కువ. డాక్టరు మళ్ళీ మెట్లు ఎక్కించి, గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడట. చివరికి, "గుండె బాగుంది, లైనుకి వెళ్ళు. ఏడాదికి మళ్ళీ రా. ఆ మూడూ పోయి ఉండాలి. పోయినవి తిరిగొస్తే మాత్రం నన్ను బతిమాలొద్దు, నేరుగా షెడ్డుకే వెళ్ళు" అన్నాడు.

మర్నాడు లైను డ్యూటీ. సంతోషం పట్టలేక నేనేం చేశానో చెప్పనా? నాలుగు గిన్నెలూ నింపాను. చేపల పులుసు, పప్పు, రెండు గిన్నెల అన్నం. ఆయన గుమ్మం దగ్గర కేరేజీ ఎత్తి చూసి, కిందపెట్టి, విప్పి, అన్నం గిన్నె ఒకటి, పప్పు గిన్నె ఒకటి తీసి అరుగు మీద పెట్టారు.

"ఇది పట్టుకుని ఎక్కినానంటే ఏడాదికి దిగిపోవాల."

ఆ తర్వాత సంవత్సరం ఆయనకన్నా నాకే కష్టమైంది. రన్నింగ్ రూములో రెండు గిన్నెల కేరేజీ విప్పితే, "ఇంటావిడ అలిగిందేటి గురువుగారూ?" అని అడిగారట. ఆ మాట నాలుగు రోజుల్లో మా వీధికి చేరింది. పక్కింటి అక్క, మాతో రోజూ నడిచే మనిషి, నా మొహం మీదే అడిగింది: "డిమోషన్ అయినాదేటే? కేరేజీ సిన్నదైపోనాది." ఇన్నేళ్ళు చూడని గదిలో సంపాదించుకున్న పేరు పోయింది కదా అని రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా ఆకుకూర గిన్నె అడుగున ఆరు పాకుండలు పెట్టి పంపాను. తిరిగొచ్చాక ఆయన కోప్పడలేదు.

"పాకుండలు బాగున్నాయట" అన్నారు.

"అట ఏటండీ?"

"నేను ఒకటి తిన్నాను. తతిమ్మావి ఫైర్‌మేన్లిద్దరికీ ఇచ్చినాను. ఆళ్ళే కదా బొగ్గేసేది."

అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ వేరే పొట్లం కట్టి పంపడం మొదలుపెట్టాను. నా పేరు మళ్ళీ వెనక్కి వచ్చింది, ఈసారి వేరే నోళ్ళ మీదుగా.

లైను మీద సాయంత్రం నడక కుదరదు, డ్యూటీకి వేళాపాళా ఉండదు. దానికి ఆయనే దారి చూసుకున్నారు. గూడ్సు బండి పేసింజరు కోసం ఏ బిల్హా స్టేషనులోనో గంట నిలబడుతుంది. అప్పుడు నూనె డబ్బా పట్టుకుని ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగి, అక్కణ్ణుంచి బండి పొడుగునా వెనక గార్డు డబ్బా దాకా నడిచి, తిరిగి వచ్చేవారు. మొదటిసారి గార్డుగారు ఏదో విరిగిపోయిందని హడిలిపోయి దిగారట. ఆ గార్డు పక్కింటి అక్క మొగుడే. "మీ ఆయన నాతో ఏటో సెప్పడానికి వస్తాడు, ఏటీ సెప్పకుండా ఎల్లిపోతాడు" అని నన్ను అడిగారు. నడవడానికి వస్తారన్నాను. నమ్మలేదు.

అన్ని వారాలూ ఒకలా నడవలేదు. ఒక నెల జ్వరం వచ్చి లేచాక ఆకలి ఎక్కువై రెండు సేర్లు పెరిగారు. ఒక పెళ్ళికి మా ఊరు వెళ్ళి ఇంకోటి. ప్రతిసారీ నేను వారం అంబలే అనడం, ప్రతిసారీ అత్తగారు ఆ మాటే: రేపట్నుంచి రోజూలాగే. ఆ మాట ఎన్నిసార్లు అందో.

ఏడాది తిరిగింది. పరీక్ష రోజు పొద్దున్నే ఆయన తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళారు. నేను మినప్పప్పు నానబెట్టి, రుబ్బకుండా వదిలేశాను. ఇల్లు రెండుసార్లు ఊడ్చాను. అక్క వచ్చి గుమ్మంలో కూర్చుని, నానిన పప్పు పొట్టు తియ్యడం మొదలుపెట్టింది. అత్తగారు వత్తులు చేస్తూ కూర్చుని, చేసిన వత్తే మళ్ళీ విప్పి చేస్తోంది.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళి, చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, మంచినీళ్ళు తాగారు. అత్తగారు ఓపిక పట్టలేకపోయింది.

"ఏట్రా, ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదు. తూసినాడు, రాసినాడు, ఎల్లమన్నాడు."

"ఎక్కడికెల్లమన్నాడు? షెడ్డుకా?"

ఆయన చెంబు కింద పెట్టి నా వైపు తిరిగారు.

"ఒలే, రేపు పొద్దున్న అయిదుకి లేపు. కట్నీ లైను డ్యూటీ."